బిటెక్స్ కిట్లలో ప్రసార శక్తి తగ్గుదల: కారణాలు, పరీక్షలు

ఇంట్లో కూర్చుకున్న హ్యామ్ రేడియోలో రిసీవర్ చక్కగా పలుకుతున్నా, ట్రాన్స్‌మిటర్ మాత్రం ఉండాల్సినన్ని వాట్లు ఇవ్వకపోవడం తరచుగా ఎదురయ్యే చిక్కు. హైదరాబాదులో రూపుదిద్దుకుని ప్రపంచమంతటా వ్యాపించిన బిటెక్స్ కిట్లలో ఈ చిక్కు వచ్చినప్పుడు కారణాన్ని ఎలా వెతకాలో ఈ వ్యాసం వివరిస్తుంది. కర్ణాటకలోని పావగడ తాలూకా వంటి చోట, అంటే సోలార్ బ్యాటరీ మీద రేడియో నడిపే చోట, ఏ అంశాలు అదనంగా చూసుకోవాలో కూడా చెబుతుంది.

వాట్లు తగ్గగానే చాలామంది చివరి ట్రాన్సిస్టర్‌ను అనుమానిస్తారు. దాన్ని పీకి కొత్తది వేస్తారు, ఫలితం మారదు. పొలంలో పైపు చివర నీళ్ళు తగ్గితే ఏ రైతూ ముందుగా బోరులోంచి మోటారు పైకి తీయడు. పైపు వెంట నడిచి ఎక్కడ కారుతోందో చూస్తాడు. ట్రాన్స్‌మిటర్ దగ్గర కూడా ఆ క్రమమే సరైనది. కొలత ముందు, విప్పడం తర్వాత.

కిట్ల పుట్టుక

బిటెక్స్ రూపకర్త అష్హర్ ఫర్హాన్ హైదరాబాదువాసి. హ్యాములలో ఆయన సంకేతం వీయూ2ఈఎస్ఈ. నగరంలోని సాంస్కృతిక వేదిక లామకాన్ స్థాపకుల్లో ఒకరుగా కూడా ఆయన పేరు తెలిసినవారున్నారు. 2000ల తొలి ఏళ్ళలో ఆయన ప్రకటించిన బిటెక్స్20 పథకం 14 మెగాహెర్ట్జ్ మీద సుమారు 6 వాట్లు ఇచ్చేది. అందులోని భాగాలన్నీ మామూలు ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరకాలన్నది ఆయన పట్టుదల. విదేశీ టొరాయిడ్ కోర్లు దొరకనివారు నల్లాల్లో వేసే వాషర్ల మీద తీగ చుట్టుకుని పని నడుపుకున్నారు. మన దేశంలో హ్యామ్ పరికరాలంటే దిగుమతి చేసుకున్న ఖరీదైన రిగ్గులే అనుకునే రోజుల్లో ఈ నిర్ణయం విద్యార్థుల చేతికి ట్రాన్స్‌మిటర్‌ను అందించింది. బిటెక్స్ చేసిన అసలు మేలు ఇదే.

2016లో 7 మెగాహెర్ట్జ్ కోసం బిటెక్స్40 బోర్డు, 2017 డిసెంబరులో 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా పనిచేసే మైక్రో బిటెక్స్ హెచ్ఎఫ్ సిగ్నల్స్ సంస్థ ద్వారా వచ్చాయి. బోర్డు మీది చిన్న భాగాలు అప్పటికే అతికి ఉంటాయి. పెట్టె, వైర్లు, హీట్‌సింక్, సర్దుబాట్లు మాత్రం కొన్నవారివే. బోర్డుల మీది తీగచుట్లను హైదరాబాదు మహిళలు చేత్తో చుట్టేవారు.

పావగడ పరిస్థితులు

పావగడ తుమకూరు జిల్లాలో ఉన్నా, ఆ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశే. మడకశిర, రొద్దం, కళ్యాణదుర్గం ప్రాంతాలతో దాని రాకపోకలు, చుట్టరికాలు. ఇళ్ళలో, సంతల్లో వినిపించేది ఎక్కువగా తెలుగే. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. ఆ ఎండ మీదే 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. తిరుమణి, వల్లూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాల్లో రైతుల నుంచి కౌలుకు తీసుకున్న సుమారు 13,000 ఎకరాల్లో అది విస్తరించింది.

హ్యామ్‌కు ఇక్కడి నుంచి 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్ బాగా అక్కరకొస్తుంది. పావగడ నుంచి హైదరాబాదు గాలిమార్గాన 390 కిలోమీటర్ల దాపులో ఉంటుంది. పగటి పూట అయానోస్ఫియర్ తాకి తిరిగొచ్చే 7 మెగాహెర్ట్జ్ తరంగాలకు ఆ దూరం తగినది. 10 వాట్లు, ఎత్తుగా కట్టిన డైపోల్ ఉంటే మాట చేరుతుంది. హైదరాబాదులో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తెలుగువారిలో ఈ విద్యను పెంచిన సంస్థ. ప్రసారానికి మాత్రం కేంద్ర ప్రభుత్వ టెలికాం శాఖ పరీక్ష పాసై లైసెన్సు పొంది తీరాలి. వీయూ2, వీయూ3తో మొదలయ్యే సంకేతాలు ఆ లైసెన్సుతో వచ్చేవే.

ఒక అపోహను ఇక్కడే తొలగించాలి. ఇన్వర్టర్లు, సోలార్ చార్జ్ కంట్రోలర్లు లోపల వేగంగా స్విచ్ అవుతూ రేడియో గోలను పుట్టిస్తాయి. ఆ గోల రిసీవర్‌లో చేరి బలహీనమైన సంకేతాలను మింగేస్తుంది. ఎదుటివారి జవాబు వినపడకపోతే ‘నా మాట బయటికి పోవడం లేదు’ అనిపిస్తుంది. ప్యానెల్ కనెక్షన్ తీసి, బ్యాటరీ ఒక్కదాని మీద వింటే విషయం తేలిపోతుంది. గోల తగ్గితే ట్రాన్స్‌మిటర్‌ను విప్పే పనిలేదు.

కొలత

మల్టీమీటర్ ఏసీ స్థానంలో పెట్టి యాంటెన్నా సాకెట్ దగ్గర కొలిస్తే వచ్చే అంకెకు అర్థం లేదు. ఆ మీటరు కరెంటు సరఫరాలోని 50 హెర్ట్జ్ కోసం చేసింది. ముందు కావలసింది యాంటెన్నా బదులు తగిలించే 50 ఓంల డమ్మీ లోడ్. అర వాటు, 1 కిలో ఓం కార్బన్ రెసిస్టర్లు 20 పక్కపక్కన సమాంతరంగా అతికితే 50 ఓంలు, 10 వాట్ల లోడ్ తయారవుతుంది. బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో, హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలోనో వీటికి అయ్యే ఖర్చు నామమాత్రం. టీవీ రిపేరు దుకాణాల్లో దొరికే తెల్లని సిమెంటు రెసిస్టర్లు పనికిరావు. వాటి లోపల తీగ చుట్టి ఉంటుంది, రేడియో పౌనఃపున్యం వద్ద అది ఇండక్టర్‌గా ప్రవర్తించి కొలతను తారుమారు చేస్తుంది.

లోడ్ మీది వోల్టేజీని ఒక 1ఎన్4148 డయోడ్, ఒక 0.01 మైక్రోఫారాడ్ కెపాసిటర్‌తో డీసీగా మార్చుకుంటే మామూలు మల్టీమీటరే వాట్‌మీటరవుతుంది. మీటరులో కనిపించిన వోల్టులకు డయోడ్ నష్టం 0.7 కలిపి, వచ్చినదాన్ని వర్గం చేసి 100తో భాగించాలి. మీటరు 30.9 వోల్టులు చూపితే 10 వాట్లు. 21.7 చూపితే 5 వాట్లు. 10 వాట్ల వద్ద డయోడ్ మీద 63 వోల్టుల ఎదురు ఒత్తిడి పడుతుంది. ఆ డయోడ్‌కు కొన్ని తయారీలలో హద్దు 75 వోల్టులే కనుక 14 వాట్లు దాటే సెట్లకు ఈ ఏర్పాటు చాలదు.

రెండో పొరపాటు మాటతో కొలవడం. ఎస్ఎస్‌బీలో, అంటే ఈ సెట్లు మాటను పంపే పద్ధతిలో, గొంతు లేచినప్పుడే శక్తి బయటికి వస్తుంది. నెమ్మదిగా కదిలే ముల్లు సగటును మాత్రమే చూపుతుంది. శిఖరంలో 10 వాట్లు పోతున్నా ముల్లు 2, 3 దగ్గర ఊగుతుంటుంది. అది లోపం కాదు. మైకు ముందు ఆపకుండా ఈల వేసిగానీ, సీడబ్ల్యూ (మోర్స్) కీ కొద్ది సెకన్లు నొక్కిగానీ కొలవాలి.

మైక్రో బిటెక్స్‌లో ఈ రెండు కొలతలూ వేరువేరుగా చేయడంలో మరో లాభం ఉంది. మాట్లాడేటప్పుడు సంకేతం మైకు ఆంప్లిఫయర్, మాడ్యులేటర్, 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఫిల్టర్, 45 మెగాహెర్ట్జ్ దశ దాటి రావాలి. సీడబ్ల్యూలో మాత్రం ఎస్ఐ5351 చిప్ ప్రసార పౌనఃపున్యాన్నే నేరుగా పుట్టించి చివరి మిక్సర్ గుండా ఆంప్లిఫయర్లకు పంపుతుంది. కనుక కీ నొక్కితే 10 వాట్లు వచ్చి, ఈలకు 2 వాట్లే వస్తే ఫైనల్ ట్రాన్సిస్టర్లు నిర్దోషులు. ఎలక్ట్రెట్ మైకుకు వోల్టేజీ అందుతోందా, దాని ధనఋణాలు తారుమారయ్యాయా అని చూడాలి. అవి సరిగా ఉంటే బీఎఫ్ఓ (మాడ్యులేటర్‌కు సంకేతమిచ్చే ఆసిలేటర్) సర్దుబాటు చూడాలి. బీఎఫ్ఓ పక్కకు జరిగితే గొంతులో ఎక్కువ భాగం క్రిస్టల్ ఫిల్టర్ ద్వారం బయటే ఆగిపోతుంది. బోర్డు మీద చేయి పెట్టకుండా సగం రేడియోను అనుమానం నుంచి తప్పించే పరీక్ష ఇది. దీన్ని ఎవరూ దాటవేయకూడదు.

బ్యాటరీ

ఆంప్లిఫయర్ ఇవ్వగల గరిష్ఠ శక్తి వోల్టేజీ వర్గాన్ని అనుసరిస్తుంది. 13.8 వోల్టుల వద్ద 10 వాట్లు ఇచ్చే సెట్ 12 వోల్టుల అడాప్టర్ మీద 7.5 వాట్లకు దిగుతుంది. పావగడలో ఇంటి మీద ప్యానెల్, కింద లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్నవారికి ఈ తేడా రోజూ కనబడుతుంది. మధ్యాహ్నం చార్జి అవుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర 14.4 వోల్టులు ఉండవచ్చు. రాత్రి సగం ఖాళీ అయ్యాక అదే 12.2. ఈ రెండింటి మధ్య వాట్లలో దాదాపు 40 శాతం తేడా వస్తుంది. పగలు బాగున్న రిగ్ రాత్రికి చెడిపోయిందని స్క్రూలు తిప్పేవారు మంచి సర్దుబాటును చేజేతులా పోగొట్టుకుంటారు. వాట్ల అంకె రాసుకునేటప్పుడు పక్కనే వోల్టులు కూడా రాయాలి. వోల్టులు లేని వాట్ల లెక్క మరో రోజు లెక్కతో పోల్చడానికి పనికిరాదు.

వోల్టులను బ్యాటరీ దగ్గర కాకుండా, పీటీటీ (ప్రసారపు మీట) నొక్కి ఉంచి, బోర్డు మీద కరెంటు చేరే చోట కొలవాలి. సన్నని వైరు, తుప్పు పట్టిన ఫ్యూజ్ హోల్డర్, వదులైన క్లిప్పు అన్నీ కలిసి 0.3 ఓం అయితే చాలు, 2.5 ఆంపియర్ల వద్ద 0.75 వోల్టు దారిలోనే పోతుంది. 12.2 వోల్టుల బ్యాటరీకి ఇది తోడైతే 10 వాట్ల సెట్ 7 దగ్గర ఆగుతుంది. భాగాల్లో ఏ దోషమూ లేకుండానే 3 వాట్లు మాయం.

కొలిచే సమయంలో బ్యాటరీ నుంచి ఎంత కరెంటు పోతోందో కూడా చూడాలి, ఎందుకంటే వెతకాల్సిన దిక్కును అదే చెబుతుంది. 13.8 వోల్టుల వద్ద 2 ఆంపియర్లు తీసుకుంటే లోపలికి 27.6 వాట్లు వెళ్తున్నట్టు. 10 వాట్లు బయటికి వస్తే మిగతా 17.6 వేడిగా మారుతోంది. కరెంటు బాగా లాగుతూ వాట్లు రాకపోతే శక్తి పుట్టి దారిలో పోతోందని అర్థం, అంటే తప్పు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోనో, లో పాస్ ఫిల్టర్‌లోనో, రిలేలోనో ఉంటుంది. కరెంటూ తక్కువ, వాట్లూ తక్కువ అయితే చివరి దశకు సంకేతమే సరిగా చేరడం లేదు లేదా బయాస్ (గేట్‌కు ముందుగా ఇచ్చే స్థిర వోల్టేజీ) లేదు.

ఫైనల్ ట్రాన్సిస్టర్లు, బయాస్

బిటెక్స్ కిట్ల చివరి దశలో ఉండేది ఐఆర్ఎఫ్510 మోస్‌ఫెట్. బిటెక్స్40లో ఒకటి, మైక్రో బిటెక్స్‌లో రెండు. ఇది స్విచింగ్ పనులకు చేసిన చవక భాగం, రేడియో కోసం పుట్టింది కాదు. అయినా 100 వోల్టులు తట్టుకుంటుంది, ఎక్కడైనా దొరుకుతుంది.

గేట్ మీద 2 నుంచి 4 వోల్టుల మధ్య ఏదో ఒక చోట ఇది తెరుచుకోవడం మొదలుపెడుతుంది. ఒకే పెట్టెలోంచి తీసిన రెండు భాగాలకు కూడా ఆ చోటు ఒకటి కాదు. అందుకే మైక్రో బిటెక్స్‌లో రెండింటికీ వేరువేరు సర్దుబాట్లు ఉన్నాయి. ఆర్‌వీ2, ఆర్‌వీ3 అనేవి అవే. ఆర్‌వీ1 వాటికి చేరే సంకేతపు బలాన్ని నియంత్రిస్తుంది. ఈ మూడింటి పనులు కలగలిపి తిప్పడం వల్ల జరిగే నష్టం చాలా ఎక్కువ. రెండు బయాస్‌లనూ మొదట పూర్తిగా తగ్గించాలి. డమ్మీ లోడ్ పెట్టి, మైకు నిశ్శబ్దంగా ఉంచి, పీటీటీ నొక్కి మొత్తం కరెంటు చూడాలి. ఆర్‌వీ2ను నెమ్మదిగా తిప్పుతూ కరెంటు 100 మిల్లీ ఆంపియర్లు పెరిగిన చోట ఆపాలి. తర్వాత ఆర్‌వీ3తో మరో 100. ఈ స్క్రూ చాలాసేపు ఏమీ కదపనట్టుండి, ఒక్కసారిగా కరెంటును ఎగదోస్తుంది. తొందరపడితే ట్రాన్సిస్టర్ పోతుంది.

బయాస్ తక్కువైతే మాట గరగరలాడుతుంది, చిన్న సంకేతాలు కోసుకుపోతాయి. ఎక్కువైతే వాట్లు పెద్దగా పెరగవు గానీ వేడి పెరుగుతుంది. వేడెక్కేకొద్దీ మోస్‌ఫెట్ ఇంకా తక్కువ వోల్టేజీకే తెరుచుకుంటుంది కనుక కరెంటు దానంతటదే పెరుగుతూ పోతుంది. రేకు షెడ్డులో, మే నెల మధ్యాహ్నం, చిన్న హీట్‌సింక్‌తో బయాస్ సరిచేయడం మంచిది కాదు. ఐఆర్ఎఫ్510 వెనుక లోహపు పలక డ్రెయిన్‌కు కలిసి ఉంటుంది. హీట్‌సింక్‌కూ దానికీ మధ్య మైకా గానీ సిలికాన్ ప్యాడ్ గానీ, స్క్రూకు ప్లాస్టిక్ వాషర్ గానీ మరిచిపోతే సరఫరా వోల్టేజీ నేరుగా పెట్టెకు షార్టవుతుంది.

గేట్ పొర చాలా పలుచన. 20 వోల్టులు దాటితే చిరిగిపోతుంది. పొడిగాలి వీచే రాయలసీమ అంచు ప్రాంతాల్లో వేసవిలో ఒంటి మీద చేరే స్థిర విద్యుత్తు దానికి చాలు. చేయి ముందు భూమికి కలిసిన లోహాన్ని తాకాకే ట్రాన్సిస్టర్‌ను పట్టుకోవాలి. దెబ్బతిన్న గేట్‌ను గుర్తించడం కష్టం కాదు. పీటీటీ నొక్కినప్పుడు బయాస్ స్క్రూ దగ్గర వోల్టేజీ ఉండి గేట్ కాలు దగ్గర సున్నాకు పడిపోతే లోపల షార్టయినట్టే.

కొందరు దీని బదులు మిత్సుబిషి ఆర్‌డీ16హెచ్‌హెచ్ఎఫ్1 వేస్తారు. పై బ్యాండ్లలో అది మెరుగు, ధర మాత్రం చాలా ఎక్కువ. ఐఆర్ఎఫ్510 కాళ్ళ వరుస గేట్, డ్రెయిన్, సోర్స్. కొత్తదాని వరుస గేట్, సోర్స్, డ్రెయిన్. ఉన్న రంధ్రాల్లో అలాగే దూర్చితే కరెంటు ఇచ్చిన క్షణంలో ఖరీదైన భాగం బూడిదవుతుంది.

చుట్లు, అతుకులు

చేత్తో కూర్చిన సెట్లలో అసలు దోషాలు ఎక్కువగా దొరికేది ఇక్కడే. ఎనామెల్ తీగ మీది పూత చూపుకు రాగిలాగే మెరుస్తుంది. దాన్ని గీకకుండా అతికితే సీసం చుట్టూ చక్కగా గడ్డకడుతుంది, లోపల మాత్రం కనెక్షన్ ఉండదు, లేదా సగం సగం ఉంటుంది. భూతద్దంతో చూసినా అనుమానం రాదు. అతికిన ప్రతి చుట్టు రెండు కొసల మధ్య మల్టీమీటర్‌తో కొలిచి, సున్నాకు దగ్గరగా లేని ప్రతి అతుకునూ గీకి మళ్ళీ చేయాలి.

టొరాయిడ్ మీద చుట్ల లెక్కకు సూత్రం ఒకటే: తీగ రంధ్రంలోంచి ఒకసారి దాటితే ఒక చుట్టు. బయటి నుంచి కనిపించే వరుసలు లెక్కిస్తే ఒకటి తప్పుతుంది. ఇండక్టెన్స్ చుట్ల వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 10కి బదులు 9 వేస్తే 19 శాతం తగ్గుతుంది. లో పాస్ ఫిల్టర్‌లో ఆ తప్పు జరిగితే ఒక్క బ్యాండ్‌లో వాట్లు పడిపోయి మిగతావి బాగుంటాయి. అలా ఒక బ్యాండే కుంటుపడితే ఆ బ్యాండ్ ఫిల్టర్‌నూ దాని రిలేనూ చూడాలి, ట్రాన్సిస్టర్ల జోలికి వెళ్ళకూడదు. రెండు తీగలు పెనవేసి చుట్టే ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒక తీగ కొసలు తిరగబడితే రెండు సగాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అప్పుడు శక్తి దాదాపు ఏమీ రాదు.

అన్నీ సరిగా కనిపిస్తే, ముందు చెప్పిన డయోడ్, కెపాసిటర్‌లతోనే చేసిన ప్రోబ్ పట్టుకుని డ్రైవర్ దశల వెంట ముందుకు నడవాలి. ప్రతి దశ తర్వాత సంకేతం పెరగాలి. పెరగని చోట, ముందు ఆ ట్రాన్సిస్టర్ డీసీ వోల్టేజీలు, తర్వాత అతుకులు. 0.3 వోల్టు కంటే చిన్న సంకేతాలకు సిలికాన్ డయోడ్ స్పందించదు కనుక తొలి దశల్లో ప్రోబ్ మౌనం దోషానికి సాక్ష్యం కాదు. అక్కడ ఆసిలోస్కోప్ ఉండాలి.

పై బ్యాండ్లలో తగ్గుదల

మైక్రో బిటెక్స్ 3.5, 7 మెగాహెర్ట్జ్‌ల వద్ద 10 వాట్ల దాకా ఇచ్చి, 28 వద్ద 2 నుంచి 4 వాట్లకు దిగుతుంది. ఇది పథకపు స్వభావం. ఐఆర్ఎఫ్510 గేట్‌లో సుమారు 180 పికోఫారాడ్‌ల కెపాసిటెన్స్ ఉంది. 3.5 మెగాహెర్ట్జ్‌కు అది 250 ఓంల అడ్డంకి, 28 మెగాహెర్ట్జ్‌కు 32 ఓంలే. డ్రైవర్ పంపే సంకేతం గేట్‌ను నడపడానికి బదులు ఆ కెపాసిటర్‌ను నింపి ఖాళీ చేయడంలో ఖర్చవుతుంది. డ్రైవర్లుగా ఉన్న 2ఎన్3904ల పెంపు కూడా పౌనఃపున్యంతో పాటు తగ్గిపోతుంది. ఆర్‌వీ1ను 28 మెగాహెర్ట్జ్ కోసం గరిష్ఠానికి తిప్పినవారికి 7 మెగాహెర్ట్జ్ వద్ద సంకేతం అతిగా నడిచి మాట వికృతమవుతుంది, పక్క స్టేషన్ల మీద పడుతుంది. ఈ సర్దుబాటును ఎక్కువగా వాడే బ్యాండ్‌కు అనుగుణంగా పెట్టుకోవడమే సబబు.

ఫిల్టర్లు, యాంటెన్నా

మీటరు చూపే వాట్లన్నీ కోరిన పౌనఃపున్యంలోనే ఉన్నాయని హామీ లేదు. మైక్రో బిటెక్స్ తొలి బోర్డుల్లో రిలేల చుట్టూ సంకేతం లో పాస్ ఫిల్టర్‌ను దాటేసి కారి, హార్మోనిక్‌లు (ప్రసార పౌనఃపున్యపు గుణిజాలు) పరిమితికి మించి బయటికి వెళ్ళేవి. వాడుకరుల కొలతలతో ఇది బయటపడ్డాక ఐదో కూర్పులో రిలేల అమరిక మార్చారు. పాత బోర్డు కొన్నవారు వాట్లు పెంచే ముందు బయటి లో పాస్ ఫిల్టర్ ఒకటి జోడించాలి. మన సెట్ గోల మరొకరి అత్యవసర సేవ మీద పడే అవకాశం ఉంది కనుక ఇందులో రాజీ పనికిరాదు.

డమ్మీ లోడ్ మీద 10 వాట్లు వచ్చి, యాంటెన్నా పెట్టగానే తగ్గితే రేడియో బాగుంది. 7.1 మెగాహెర్ట్జ్ డైపోల్ మొత్తం పొడవు 20 మీటర్ల చిల్లర. యాంటెన్నా పొంతనను చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ 2 అయితే 11 శాతం, 3 అయితే 25 శాతం శక్తి వెనక్కి తిరుగుతుంది. పావగడ మాదిరి ఎండిన నేలలో నిలువు యాంటెన్నాకు రేడియల్ తీగలు బాగా పరవకపోతే శక్తి మట్టిని వేడి చేయడానికే పోతుంది. అక్కడ డైపోల్ మేలు. పిడుగుల కాలంలో కేబుల్‌ను రేడియో నుంచి తీసి ఇంటి బయటే ఉంచాలి.

10 వాట్లు 5 అయితే అవతలి ఆపరేటర్‌కు సంకేత బలం చూపే ఎస్ మీటరు మీద అర గీత తగ్గుతుంది, వినేవాడు చాలాసార్లు గమనించడు. కనుక 8ని 10 చేయడానికి రోజులు వెచ్చించనక్కరలేదు. నిన్న 10 ఇచ్చిన సెట్ అదే వోల్టేజీ వద్ద, అదే లోడ్ మీద నేడు 5 ఇస్తే మాత్రం ఎక్కడో ఒక అతుకు వదులుతోంది, లేదా ఒక ఫైనల్ పనిచేయడం మానేసింది. రెండు ఐఆర్ఎఫ్510లలో ఒకటి చల్లగా, ఒకటి వేడిగా ఉంటే చల్లనిదే మొదట చూడాల్సింది.